దారి తప్పే బాబాయి

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: దారి తప్పడం. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ఈ దేశం వచ్చాక సొంత వీధిలోనే తప్పిపోయేవాడు. వారానికి మూడుసార్లయినా ఎవరో ఒక పెద్దావిడో పెద్దాయనో తీసుకొచ్చి మా గుమ్మంలో అప్పగించి వెళ్లేవారు.

"మళ్లీనా బాబాయ్?"

"ఏం చెయ్యనే, ఇక్కడ ఇళ్లన్నీ కవలపిల్లలు."

పిన్ని ఆయన జేబులో చిరునామా చీటీ పెట్టింది. చీటీ చూసుకోలేదేమంటే, కళ్లజోడు మర్చిపోయానన్నాడు. జోడు ముక్కు మీదే ఉంది.

పరాయి దేశం వచ్చి దిగులుతో ముడుచుకుపోయిన పెద్దవాళ్లను పలకరించే సంఘంలో నేనూ బాబాయీ పనిచేసేవాళ్లం. నేను ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లేదాన్ని. "నిద్ర పడుతోందా? దిగులుగా ఉంటోందా?" అందరిదీ ఒకే జవాబు: "బాగానే ఉన్నానమ్మా." ఆ వెంటనే తలుపు మూసుకునేది.

మా వీధిలో పదకొండో నంబరు ఇంట్లో ఒక లెక్కల టీచరమ్మ ఉండేది. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చింది. నాలుగు నెలలుగా గడప దాటలేదు. "అన్నం కలుపుకుని, తినడం మర్చిపోతోందండి," అంది కూతురు. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆవిడ బాగానే ఉంది.

మూడోసారి బాబాయి నా వెంట వచ్చాడు. ఆ మధ్యాహ్నం పొగమంచు వీధిలో పాలు ఒలికినట్టు పరుచుకుంది. ఇళ్లు నేలకు ఆనకుండా తేలుతున్నట్టున్నాయి. నన్ను గేటు దగ్గరే ఆపి, బాబాయి తలుపు తట్టాడు.

"అమ్మా, దారి తప్పాను. ఇరవయ్యో నంబరు ఎటు?"

"ఇది పదకొండు. ఇలాగే తొమ్మిది ఇళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి."

"లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయమమ్మా."

లోపల చెప్పులు వెతుకుతున్న అలికిడి. శాలువా కప్పుకుని ఆవిడ బయటికి వచ్చింది.

"పదండి. పన్నెండు, పదమూడు..."

ఆ తెల్లదనంలో ఇద్దరూ కలలో నడిచినట్టు నడిచారు. నేను కాస్త ఎడంగా వెనకాలే వెళ్లాను. ప్రతి సందు దగ్గరా బాబాయి పక్కకు తిరిగిపోవడం, ఆవిడ వెనక్కి పిలవడం. మూడో సందు దగ్గర ఆవిడ అంకెలు ఆపేసింది.

"మావారూ ఇంతేనండీ. కూరలకని వెళ్లి పుస్తకాలు తెచ్చేవారు," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తొమ్మిది ఇళ్లు దాటడానికి గంట పట్టింది.

ఆవిడ వెళ్లాక అడిగాను. "నిజం చెప్పు బాబాయ్, నీకు దారి తెలుసు కదా?"

బాబాయి తడుముకోకుండా మా ఇంటివైపు నడిచాడు. "వచ్చిన కొత్తలో నేనూ ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకున్నానే. ఎవరడిగినా బాగున్నాననే చెప్పాను. బాగున్నారా అంటే తలుపేసుకుంటారు. దారి అడిగితే చెప్పులేసుకుంటారు."

మరుసటి వారం టీచరమ్మ ఒక్కతే సంఘానికి వచ్చింది. నాకు మనసొప్పక అసలు సంగతి చెప్పి, ఏమనుకోవద్దన్నాను.

"మొదటి సందులోనే తెలిసిందమ్మా," అంది ఆవిడ. "పాపం, అంత కష్టపడి తప్పిపోతున్నారు, మధ్యలో పట్టుకుంటే ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీ జాబితాలో ఇంకా తలుపు తియ్యనివాళ్లెవరు? ఒక ఇంటి నంబరివ్వండి. నేనసలే ఊరికి కొత్త."