కలెర్వో కొలత

ఏడాదిలో సగం మంచులో మునిగుండే ఆ పల్లెలో, టామరాక్ రోడ్డు మీద కాపురముంటున్న కలెర్వోకి కొలతలు రావు. అలాగని కొలవడం మానడు. నడుముకి టేపు, చెవి వెనక పెన్సిలు లేకుండా అతన్ని పెళ్లిలో గానీ చావులో గానీ ఎవరూ చూడలేదు. కాఫీకి పిలిస్తే కప్పు అందుకునే లోపల బల్ల పొడవు కొలుస్తాడు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే ముందు బెంచీవాళ్ల భుజాలు కళ్లతోనే కొలుస్తాడు. అన్నీ కొలిచి, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుని, నలభై మైళ్లు బండి నడుపుకుని పట్నం వెళ్లి, తీరా తెచ్చేది మాత్రం తప్పు సైజు.

తన షెడ్డు కిటికీకని తెచ్చిన అద్దం జానెడు పెద్దదైంది. దాన్ని తీసుకెళ్లి ముసలి అహ్తి వంటింటి కిటికీకి బిగించాడు. తనకని కొన్న బూట్లలో పాదం సగమే దూరింది, అవి పాస్టర్‌గారి పాలయ్యాయి. ఒకసారి కోళ్లగూటికని ఆరున్నర అడుగుల తలుపు తెచ్చాడు.

"మీ కోళ్లు అంత పొడుగా?" అని అడిగాడు రూబెన్. రోడ్ల మీద మంచు తోసే బండి రూబెన్‌ది. ఊరిని ఎగతాళి చేసే పని కూడా అతనిదే.

"ఎదుగుతాయి కదా అని తెచ్చా," అన్నాడు కలెర్వో.

ఆ తలుపు, గాలివానకి తలుపు ఊడిపోయిన సిప్పొలా కుటుంబం ఇంటికి వెళ్లింది. అలా అలా ఆ ఊళ్లో ఏ పని వంకరపోయినా దాన్ని 'కలెర్వో కొలత' అనడం అలవాటైపోయింది. కేకు ముక్క వంకరగా తెగితే కలెర్వో కొలత. రూబెన్ బండి ఎవరి ఉత్తరాల డబ్బానైనా గుద్దితే అదీ కలెర్వో కొలతే.

ఈ హాస్యానికి నవ్వనిది ఊరు మొత్తానికి ఒక్క హెల్మి రౌటియో. ఆవిడకి డెబ్బైనాలుగేళ్లు. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోని మనిషి, ఆఖరికి నవ్వు కూడా. కాఫీ ఇస్తానంటే మూడుసార్లు వద్దని నాలుగోసారి పుచ్చుకోవడం అక్కడివాళ్ల మర్యాద. సాయం చేస్తానంటే హెల్మి నాలుగోసారి కూడా వద్దనేది. మోకాలి ఆపరేషన్ అయినప్పుడు చర్చివాళ్లు చందా పోగుచేసి తెస్తే, వాళ్లకి భోజనం పెట్టి, చందా తిప్పి పంపింది.

ఆ ఆపరేషనే కొంపముంచింది. హెల్మి పెరట్లో, చనిపోయిన భర్త కట్టిన కట్టెల బాయిలర్ ఒకటుంది. అందులో కాగిన నీళ్లు భూమిలో గొట్టం గుండా ఇంటి కిందున్న బేస్‌మెంటుకి వస్తాయి. అక్కడ ఇంటిని వెచ్చబెట్టే గ్యాసు ఫర్నేస్ నెత్తిన ఉన్న రేకు పెట్టెలో రాగి కాయిల్, అంటే మెలికలు తిరిగిన గొట్టం, ఉంటుంది. నీళ్లు ఆ కాయిల్‌లో తిరుగుతుంటే ఫర్నేస్ ఫ్యాను దాని మీదుగా గాలి ఊదుతుంది, వేడి అన్ని గదులకీ పోతుంది. గ్యాసు మండే పనే లేదు. మార్చిలో హెల్మి ఆస్పత్రిలో ఉండగా కరెంటు పోయి నీళ్లు తిప్పే పంపు ఆగింది, కాయిల్‌లో నీళ్లు గడ్డకట్టి రాగి నిలువునా చీలింది.

కొత్త కాయిల్ కొనే తాహతు ఆ ఏడాది లేదు. పెరట్లో మూడేళ్లకి సరిపడా కట్టెలుండీ, డిసెంబరు వచ్చేసరికి హెల్మి గ్యాసుని బొట్లు బొట్లుగా వాడుకుంటూ, గదులన్నీ మూసేసి, వంటింట్లో కోటు తొడుక్కుని కూర్చుంటోంది. ఏ రోజు నీటి గొట్టాలు గడ్డకడితే ఆ రోజు ఇంటికి తాళం వేసి పట్నంలో చెల్లెలి ఇరుకు ఫ్లాట్‌కి పోవాల్సిందే. అది భర్త చేతులతో కట్టిన ఇల్లు. ఎవరైనా అడిగితే మాత్రం "చలా? నాకు ఉక్కపోస్తోందమ్మా" అనేది.

ఒక మంగళవారం పొద్దున్నే కలెర్వో పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మీసాల మీద మంచు, ముఖం నిండా దిగులు.

"హెల్మీ, నువ్వే కాపాడాలి నన్ను."

"ఏమైందయ్యా?"

"మళ్లీ తప్పు కొలిచా. నా ఫర్నేస్‌కి కాయిల్ కొన్నా. ఇరవై రెండంగుళాలుండాలి, పద్దెనిమిది తెచ్చా."

"తెచ్చిన చోటే ఇచ్చెయ్."

"పెట్టె చింపేశా, ఇక తీసుకోరట. డొరీన్ చూసిందా, చీల్చి చెండాడుతుంది. కొన్నాళ్లు నీ బేస్‌మెంటులో దాచిపెట్టవూ?"

కలెర్వో భార్య డొరీన్ గొంతు పెంచితే ఆవిడ ఒళ్లో పడుకున్న పిల్లి కూడా కళ్లు తెరవదు. అయినా ఇన్నేళ్లలో హెల్మిని సాయం అడిగినవాడు దొరకడమే అపురూపం. కష్టంలో ఉన్నవాణ్ణి కాదనడం ఎలా?

"సరే, ఆ మూల పెట్టు," అంది.

కలెర్వో మెట్లు దిగి ఆ మూలని కొలిచాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ తేమ. రాగి నల్లబడిపోతుంది."

"అటకమీద?"

"ఎలుకలు."

"రాగిని ఎలుకలు తింటాయా?"

"మా ఎలుకలు తింటాయి. నీ ఎలుకల సంగతి నాకేం తెలుసు?" కలెర్వో చుట్టూ చూసి, అప్పుడే తట్టినట్టు ఫర్నేస్ దగ్గర ఆగాడు. "ఈ రేకు పెట్టెలో పెడితే? డొరీన్ ఇల్లంతా వెతికినా ఇందులో మాత్రం చూడదు."

"చూడదు," అని ఒప్పుకుంది హెల్మి.

"ఊరికే పెడితే దుమ్ము పడుతుంది. నీళ్లు తిరుగుతూ ఉంటే శుభ్రంగా ఉంటుంది. నీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది!" అంది హెల్మి, నవ్వు రాకుండా పళ్లు బిగించి.

కలెర్వో కోటు విప్పి మెట్ల మీద పడేసి పనిలోకి దిగాడు. రేకు పక్కన మరలు విప్పి, చీలిన కాయిల్‌ని బయటికి లాగాడు. అది కూర్చునే పట్టాలు తుడిచి కొత్తదాన్ని తోశాడు. అది సొరుగు మూసుకున్నట్టు లోపలికి జారి ఆగింది. చుట్టూ కాగితం దూర్చడానికి కూడా సందు లేదు. నీటి గొట్టాల మూతులు సరిగ్గా ఎదురెదురుగా వచ్చాయి.

"ఆశ్చర్యంగా ఉందే!" అన్నాడు కలెర్వో, టేపు తీసి అనుమానంగా కొలుస్తూ. ఆ ముఖంలో కనబడిన ఆశ్చర్యం చూస్తే ఎవరైనా నమ్మేస్తారు.

అతను అంచులకి వెండిరంగు టేపు అతికిస్తుండగా హెల్మి అతని కోటు తీసి మడత పెట్టబోయింది. జేబులోంచి చిన్న పుస్తకం కిందపడి తెరుచుకుంది. 'హెల్మి. 18 కి 18. గొట్టాలు ఎడమవైపు. అంగుళం సైజు.' కింద అక్టోబరు తారీఖు. ఆ రోజు కలెర్వో కాఫీకి వచ్చి, బేస్‌మెంటు మెట్లు మట్టంగా ఉన్నాయో లేదో చూస్తానని కిందికి దిగి అరగంట పైకి రాలేదు. ఆవిడ ఇంకో పేజీ తిప్పింది. అహ్తి వంటింటి కిటికీ. ఇంకో పేజీ. పాస్టర్‌గారి పాదం, కుడి, ఎడమ, విడివిడిగా. సిప్పొలా తలుపు. అన్నీ పదహారో వంతు అంగుళం దాకా సరైన కొలతలే.

హెల్మికి ముందు కోపం వచ్చింది. తనకి తెలియకుండా తనకి సాయం చేశాడే అని ఒళ్లు మండింది. ఆ తర్వాత పుస్తకం నిండా ఉన్న పేర్లు చూసి, ఇంతకాలం ఊరందరి చేతా వెధవనిపించుకుంటూ తిరిగాడా అనుకుంది. పుస్తకాన్ని తిరిగి జేబులో పెట్టేసింది.

కలెర్వో పెరట్లోకి వెళ్లి బాయిలర్‌లో కట్టెలు పేర్చి వెలిగించాడు. మధ్యాహ్నానికి నీళ్లు కాగాయి. వాల్వు తిప్పితే గొట్టాల్లో గాలి గుడగుడలాడి వెళ్లిపోయింది. ఫ్యాను తిరిగింది. హెల్మి పైకెళ్లి మూసిన తలుపులన్నీ ఒక్కొక్కటే తెరిచింది. పడకగది గాలి రంధ్రం దగ్గర వెచ్చటి గాలి కాళ్లకి తగిలితే కోటు విప్పేసింది.

ఆ ఆదివారం చర్చి హాల్లో కాఫీలు తాగుతుండగా రూబెన్ అందుకున్నాడు.

"కాయిల్ కూడా తప్పే తెచ్చావటగా కలెర్వో! ఆగండాగండి. ఆ అద్దం అహ్తి కిటికీకి సరిపోయింది. బూట్లు పాస్టర్‌గారికి సరిపోయాయి. ఇప్పుడు కాయిల్ హెల్మికి సరిపోయింది. ఇతను తప్పు కొంటున్నాడా, లేకపోతే..."

కలెర్వో మెడ దాకా ఎర్రబడ్డాడు. పక్క బల్ల దగ్గర అహ్తి కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది. గుట్టు బయటపడితే అహ్తి ఈ సాయంత్రమే అద్దం ఊడదీసి తెచ్చిచ్చేస్తాడని హెల్మికి తెలుసు, తనైనా అదే చేసేది. కలెర్వో ఇంకెవరికీ ఏదీ పొరపాటున కొనలేడు.

హెల్మి లేచి నిలబడింది. డెబ్బైనాలుగేళ్లలో చర్చి ఆవరణలో మొదటిసారి అబద్ధం, అదీ గొంతెత్తి ఆడింది.

"సరిపోయిందని నీకెవరు చెప్పారయ్యా రూబెన్? మూడంగుళాలు సందు! మా ఆయన పాత గుడ్డలన్నీ కుక్కితేగానీ గాలి ఆగలేదు. ఇంత చేతకాని మనిషిని నా జన్మలో చూళ్లేదు!"

"నా కిటికీకీ అంతే," అన్నాడు అహ్తి, ఎవరివైపూ చూడకుండా రొట్టె కాఫీలో ముంచుతూ. "చెక్క చెక్కీ చెక్కీ చేతులు పడిపోయాయి."

హెల్మి అతనివైపు గబుక్కున తిరిగింది. అహ్తి తలెత్తలేదు. అందరూ పాస్టర్‌గారి బూట్లవైపు చూశారు. ఆయన అబద్ధమాడకూడదు గనక, గట్టిగా దగ్గడం మొదలుపెట్టారు.

"కలెర్వో కొలత!" అని అరిచాడు రూబెన్. హాలంతా ఘొల్లుమంది.

నవ్వులు సద్దుమణిగాక హెల్మి ఏలకుల రొట్టె పళ్లెం పట్టుకుని కలెర్వో పక్కన కూర్చుంది.

"రూబెన్ చేతి తొడుగులు చూశావా?" అంది మెల్లగా. "వేళ్లన్నీ బయటికొచ్చాయి. ఇందాక కోట్ల గదిలో ఊలు దారం పెట్టి కొలిచా. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఎనిమిదంగుళాల మీద కాస్త."

కలెర్వో చెవి వెనక పెన్సిలు తీసి, ఎవరూ చూడకుండా బల్ల కింద పుస్తకం తెరిచాడు.

"కాస్త అంటే?" అన్నాడు. "పావా, అరా?"