కోచ్ సారు నిమ్మకాయలు

తడి గడ్డి మీద ఎండ పడినప్పుడు వచ్చే వాసన నాకు ఇప్పటికీ సరిపడదు. మా వీధి చివరి మైదానంలో నీళ్ళు కొడుతుంటే చాలు, ముక్కు మూసుకుని ఆమడదూరం తప్పుకుంటాను. ఆ వాసన నన్ను తిన్నగా కువైట్‌కు, సాల్మియాలో కోచ్ సారు ఇంటికి లాక్కుపోతుంది.

అవి ఎనభైల తొలి రోజులు. సారుది హాలండ్. ఫుట్‌బాల్ క్లబ్బు ఆయనకిచ్చిన ఇంట్లో అమ్మ వంట చేసేది, నాన్న ఆయన కారు నడిపేవాడు, పెరటి గదిలో మేం ముగ్గురం ఉండేవాళ్ళం. కిటికీలు ఎంత బిగించినా దూరే దుమ్ముగాలి, సముద్రపు తేమకు ఎప్పటికీ ఆరని దుప్పట్లు, రంజాన్ నెలలో పక్కింటి కువైటీ ముసలమ్మ పంపే వేడివేడి సంబూసాలు, ఇవన్నీ నాకు బాగానే అర్థమయ్యేవి గానీ, సారే అర్థమయ్యేవాడు కాదు.

గోడ మీది ఫొటోలో బురదలో జారుతూ బంతిని తన్నుతున్న జులపాల కుర్రాడు ఆయన కొడుకనుకునేదాన్ని. కాదు, ఆయనేనట. సొంత ఊరి జట్టులో వెనక నిలబడి గోల్ పడకుండా అడ్డుకుంటూ పదేళ్ళు ఆడి, మోకాలు పాడైతే, చిన్నాచితకా జట్లకు ఆట నేర్పుతూ నేర్పుతూ ఈ ఎడారికి వచ్చాడట. ఇక్కడ మాత్రం బంతిని ముట్టడు. ఈల వేస్తాడు, అరుస్తాడు, కుంటుతాడు. ఆడనివాడికి జీతమెందుకో నాకు బోధపడేది కాదు.

మ్యాచ్‌కు ముందురోజు భోజనాల బల్ల మీద పదకొండు నిమ్మకాయలు, పదకొండు ఉల్లిపాయలు పరిచేవాడు. నిమ్మకాయలు మనవాళ్ళు. బల్ల చుట్టూ తిరిగి, వాటిని అటూ ఇటూ జరిపి, కాసేపు కునుకు తీసి వచ్చి, కాగితం మీద గీసుకునేవాడు. అంతవరకూ ఎవరూ వాటిని ముట్టకూడదు.

వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడాక ఒక మధ్యాహ్నం నాన్న అమ్మతో అన్నాడు: "రేపు గూడా ఓడితే సారుకు ఖలాస్ అంట. సారు పోతే ఈ ఇల్లు పోతాది. నేను క్లబ్బులో ఉంటా గానీ, మీరిద్దరూ రాయచోటికి పోవాల్సిందే."

నాన్నను వదిలి పోవడమా? సారు కునుకులో ఉండగా బల్ల దగ్గరికి వెళ్ళాను. ఒక నిమ్మకాయ ఓ మూలన ఒంటరిగా ఉంది. దానికి తోడు లేకే ఓడుతున్నామనిపించి, మధ్యలోకి జరిపాను. సారు లేచి వచ్చి, చాలాసేపు చూసి, అలాగే గీసుకున్నాడు.

మర్నాడు అప్పుడే తడిపిన గడ్డి వాసనలో, నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి, మేం ఓడిపోవడం చూశాను. ఆడిన పదకొండు మందీ ఉన్నారు, ఆడని సారు పోయాడు. పోతూ నా తల నిమిరాడు. నేను తలెత్తలేదు. నెల తిరక్కముందే అమ్మా నేనూ విమానమెక్కాం. ఆ తర్వాత నాన్న రెండేళ్ళకోసారి వచ్చే చుట్టమయ్యాడు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, కొట్టేసి అంగళ్ళు కట్టారట. సారు ఆపైన ఏ దేశాల్లో, ఎన్ని జట్లకు ఆట నేర్పాడో తెలియదు. నాన్న పోయి కూడా చాలా కాలమైంది. మొన్న ఉండబట్టలేక అమ్మకు నిమ్మకాయ సంగతి చెప్పి, మన ముగ్గురినీ విడదీసింది నేనేనని ఏడ్చాను.

అమ్మ తెల్లబోయింది. "నువ్వు గూడానా? ఆ పొద్దు సారు పండుకున్నాక బల్ల తుడస్తాంటే ఒక కాయ దొర్లి కిందబడె. యాడుండేదో గుర్తు లేక ఓ మూలన పెట్టేస్తి. ఇన్నేండ్లూ నావల్లనే అనుకుంటాండా!"

అంటే ఆ ఒంటరి కాయను అక్కడ పెట్టింది అమ్మ. నేను ఆ వరసను ఇంకా చెడగొట్టానో, కాయను సారు పెట్టిన చోటికే తిరిగి చేర్చానో ఎవరు చెప్తారు? నాన్న ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరిలో ఒక్కరమైనా ఈ సంగతి మీద నోరు విప్పలేదు.