గాలి తీసేసిన బొంత

మొన్న ఎయిర్‌పోర్ట్‌లో చెకిన్ లైన్ మొత్తం పని మానుకుని నన్నే చూసింది. తప్పు ఇంకెవరిదో కాదు, నేను ఇంట్లో చెప్పిన పాఠానిది. జర వినండి, తర్వాత నవ్వుదురు.

మాది శంషాబాద్ పక్కనే ఊరు. విమానాలు రోజూ మా మిద్దె మీదుగానే పోతాయి, కానీ నేను ఎక్కడం ఇదే మొదటిసారి. పుణెలో మా అక్కకు రెండో పాప పుట్టింది. పాపను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే ఫంక్షన్‌కి మా ఇంటి నుంచి నేనొక్కదాన్నే వెళ్తున్నాను. అమ్మ తన పాత నూలు చీరలతో ఒక బొంత కుట్టింది. మా ఇళ్లల్లో పసిపిల్లను మొదటిసారి తొట్టెలలో వేసేది అమ్మమ్మ చీరల బొంత మీదనే. అది లేకుండా నేను పుణెలో దిగినా ఒకటే, దిగకపోయినా ఒకటే.

కాంటాకు తగిలిస్తే బ్యాగ్ బరువు సరిగ్గానే ఉంది. కానీ బొంత పెడితే జిప్పు పడదు. నేనూ అమ్మా బ్యాగ్ మీద ఎక్కి కూర్చున్నా పడలేదు. అప్పుడు నాకు తెలివి పుట్టింది. బట్టల్లోంచి గాలి లాగేసే ప్లాస్టిక్ కవర్ ఒకటి ఇంట్లో ఉంది, చేతిపంపుతో సహా. బొంతను అందులో పెట్టి పంపు కొట్టాను. అప్పడంలా అణిగిపోయింది. సగం బ్యాగ్ ఖాళీ.

బాపు, అంటే మా నాన్న, పొలం నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. "గీ జాగంత గాలే తిన్నదా?"

నేను సైన్స్ టీచర్ని. ఇట్లా అడిగేవాళ్లు దొరికితే వదలను. "అవును బాపు. గాలి గూడ పదార్థమే. జాగ పడతది, బరువుంటది."

"గాలికి బరువా?"

"మస్తుంటది" అన్నాను ఊపులో.

బాపు కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు చూశాడు. "మరి గీ ఎండ?"

"అది పదార్థం కాదు. వెలుతురుకు బరువు లేదు, జాగ పట్టదు."

"అంటే కండ్లకు కనవడేది వస్తువు కాదు, కనవడనిది వస్తువు. గమ్మతుంది బిడ్డా మీ సైన్స్."

ఇంత మంచి ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. నిజంగా ముచ్చటేసింది. అదే ఆలోచించుకుంటూ స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి బ్యాగ్ నిండు గర్భిణిలా ఉంది. "బాలింతరాలి ఇంటికి సగం కాళీ బ్యాగు పంపుతరా ఎవరన్న?" అంది అమ్మ. కందిపప్పు, కారం, నువ్వుల లడ్డూలు, సీసా నిండా మామిడికాయ తొక్కు.

"బరువు చూసుకున్నరా?" అన్నాను.

"చూసుడెందుకు?" అన్నాడు బాపు నిమ్మళంగా. "గాలి బరువు పాయె గద. మస్తుంటదని నువ్వే చెప్తివి. దాని బదులు గివి పెట్టినం."

బయట క్యాబ్ హారన్ కొడుతోంది. ఇప్పుడు కాదంటే నా పాఠాన్ని నేనే కొట్టేసుకోవాలి. మనసొప్పలేదు. క్యాబ్ ఎక్కి కూర్చున్నాను.

కౌంటర్‌లో అమ్మాయి బ్యాగ్ తూచి నా మొహం చూసింది. "చాలా ఎక్కువుంది మేడమ్. ఏమైనా తీసేయండి."

ఏం తీయాలి? తొక్కు చేత్తో పట్టుకుపోతే లోపలికి రానివ్వరట. హ్యాండ్‌బ్యాగ్‌లో సూది దూరే సందు లేదు. "ఒంటి మీద వేసుకున్నవి తూచరు కదండీ?" అని అడిగాను. తూచరంది, కొంచెం అనుమానంగానే.

కవర్ మూత తీశాను. బొంత బుస్సుమని గాలి పీల్చుకుని, పుల్కా పొంగినట్టు అందరి ముందూ పొంగింది. లైన్ చూసింది అప్పుడే. దాన్ని భుజాల చుట్టూ కప్పుకున్నాను. అది మే నెల. అయినా బరువు ఇంకా ఎక్కువే. కందిపప్పు సంచీ కూడా తీసి చంకలో పెట్టుకుని, మీద బొంత కప్పాను. బ్యాగ్ పాసయింది.

ఫ్లైట్ గేటు దగ్గర పాసులు చూసే ఆవిడ మెల్లగా అడిగింది. "పాప బోర్డింగ్ పాస్ ఏది మేడమ్?"

బొంత అంచు ఎత్తి కందిపప్పు చూపించాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ దారిచ్చింది.

బాపుకి ఫోన్ చేశాను. "గాలికి బరువుంటది బాపు, గని జరంతనే. అది గూడ గాలిలనే గాలిని తూస్తే కాంటాకు తెల్వదు. బావిల మునిగిన బిందె లెక్క."

"గీ సంగతి పొద్దుగాల చెప్పకపోతివి" అన్నాడు బాపు. నిజమే.

విమానంలో పక్క సీటు పెద్దాయన చెమటతో తడిసిన నన్ను చూసి, జ్వరమా అమ్మా అన్నారు. ఉండబట్టలేక మొత్తం కథ చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, "ఇంతకీ మీరేం చేస్తూ ఉంటారమ్మా?" అని అడిగారు.

"స్కూల్లో టీచర్నండి."

"ఏ సబ్జెక్టు?"

బొంత ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"తెలుగండి" అన్నాను.