పట్టేటోళ్ల కొలత

గరిడేపల్లిలో పారలకు కర్ర కామలు వేసే వడ్రంగి ఎవరొచ్చినా ముందు ఒకటే మాట అనేవాడు: "పట్టేటోళ్లను తోల్కరా."

అమ్మ కోసం కోదాడలో కొన్న కంపెనీ పారను ఒకసారి ఆయనకు గొప్పగా చూపించాను.

"ఇది ఎవరి కొలతకు చేసిండ్రు?"

"అందరికీ."

"గా అందర్ల మీ అమ్మ ఉన్నదా?"

మర్నాడు అమ్మను నిలబెట్టి, నడుం దాకా తాడుతో కొలిచి, పొట్టి తుమ్మ కామ వేశాడు. ఆ తర్వాత అమ్మ నడుం నొప్పి మాట ఎత్తలేదు.

అమ్మ పోయాక పొలం నా మీద పడింది. ఆ పారతో ఒక్కపూట ఒడ్డు చెక్కేసరికి నా నడుం పట్టేసింది. కామ మార్చమని తీసుకెళ్లాను. ఆయన దాన్ని ఒకసారి తడిమి చూసి, తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"ఇది మీ అమ్మ కొలత. గిట్లనే ఉండనియ్యి," అంటూ తాడు తీశాడు. "నువ్వు జర నిటారుగ నిలవడు."