నేను మేపిన ఫోను

మనవరాలు తన కొత్త ఫోను నా చేతిలో పెట్టి ఆన్ చేయమంది. తెర వెలిగే ముందు అరచేతిలో చిన్న వణుకు వస్తుంది కదా, అది తగలగానే మంచం మీద పడేశాను. "ఏటి తాతా, కరిసిందేటి?" అని నవ్వింది. కరిచినట్టే ఉంటుంది నాకు. ఆ వణుకుతోపాటే వసుంధర మేడమ్ గుర్తొస్తారు.

ఒడిశాలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ణి. రాయగడ వైపు సెల్‌ఫోన్ సాక్ష్యమనే విద్యను తెచ్చింది నేనేనని టీ కొట్టులో చెబుతుంటాను. తెచ్చింది ఆవిడ, ఫోన్లు పరీక్షించి కోర్టుకు రిపోర్టిచ్చే నిపుణురాలు. పోలీసులకూ కోర్టు సిబ్బందికీ కోరాపుట్‌లో తరగతులు పెట్టి, ఫోను కోర్టులో ఎందుకు నిలుస్తుందో, ఎందుకు వీగిపోతుందో ఒడియాలోనూ తెలుగులోనూ మార్చి మార్చి చెప్పేవారు. ముందు వరసలో కూర్చుని ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తానని కూడా చెబుతుంటాను. నిజానికి చివరి వరసలో కునుకు తీశాను. "ఆపి ఉన్న ఫోనును అలాగే ఉండనివ్వండి. దానికి మీరు చేయగల సేవ అదే" అన్న మాట ఆ కునుకులోనే చెవిన పడి జారిపోయింది.

తెరుబలిలో ఫ్యాక్టరీ కార్మికుడి కూతురు గౌరి. ఫొటోలు బయటపెడతానని ఒకడు ఆమెను బెదిరించాడు. ఆ బెదిరింపులున్న తన ఫోనును ఆపి మా స్టేషన్లో ఇచ్చింది. వాడి మీద వేరే సాక్ష్యం లేదు. పట్టుకున్న వస్తువులుంచే మాల్‌ఖానా నా చేతిలో ఉండేది. పందెం కోళ్లను పట్టుకుంటే కోర్టు చెప్పేదాకా మేమే మేపాలి; ఒకటి చచ్చిందా, సంజాయిషీ రాయాలి. ఆ అలవాటుకొద్దీ ఫోను కూడా చావకూడదని ఛార్జింగు పెట్టి, ఆన్ చేసి చూసుకునేవాణ్ణి.

"ఏటి బాబాయ్, గింజలు కూడా యేస్తావేటి?" అన్నాడో కానిస్టేబుల్.

"నవ్వకురా. నా సేతిలో ఇంతవరకూ ఏ కోడీ సావనేదు."

ఆ దుర్మార్గుడు తను పంపినవన్నీ రెండు ఫోన్లలోనూ పోయేలా అప్పటికే తన వైపు నుంచి చెరిపేశాడు. నేను ఆన్ చేసిన ఫోను సిగ్నల్ అందుకోగానే ఇటు కూడా చెరిగిపోయాయి.

ఫోను పరీక్షించాక మేడమ్ నన్ను వరండాలోకి పిలిచారు. "ఎవరు ఆన్ చేశారు?"

"ఎవరూ సెయ్యనేదు మేడమ్."

"ఎప్పుడు వెలిగిందో ఫోనే దాచుకుంటుంది, అప్పలస్వామి గారూ."

"రిపోర్టులో ఆ ముక్క వదిలెయ్యండి తల్లీ. రిటైర్మెంటు దగ్గరికొచ్చేసేను."

"అది వదిలేస్తే రేపు కోర్టులో నేను చెప్పే ఏ ముక్కా నిలబడదు."

రాశారు. కానీ పై అధికారి నా మీద విరుచుకుపడుతుంటే, "వీళ్లకు అర్థమయ్యేలా నేను చెప్పలేకపోయాను సర్, తప్పు నాది కూడా" అన్నారు. నేను నిద్రపోవడం ఆవిడ కళ్లారా చూశారు. బయటికొచ్చాక ఒక్కటే అడిగారు: "ఆ అమ్మాయికి మీరే చెప్పండి. ఇంకొకరి నోట వినకూడదు."

కేసు వీగిపోయింది. ఫోను తీసుకోవడానికి గౌరి తండ్రితో వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇన్నాళ్లూ నువ్వే సూసుకున్నావంట గదా బాబాయ్. ఒక్క గీత కూడా పడనేదు." తండ్రి నాకు దణ్ణం పెట్టాడు. "అందులో మాటలెలాగ పోయేయో మాకు తెల్దు బావూ. ఆడి తెలివేనేమో."

"అవునమ్మీ, ఆడి తెలివే" అన్నాను, తండ్రి మొహం చూడలేక కూతురి వైపు తిరిగి.

ఆ సాయంత్రం మేడమ్ ఫోన్ చేశారు. "చెప్పారా?"

"సెప్పేను మేడమ్. ఏడిసింది. తరవాత ఓర్సుకుంది." ఆ ఏడుపు కూడా నా కల్పనే.

"మంచి పని చేశారు. అలా చెప్పడం తేలిక కాదు" అన్నారు. ప్రతి మాటకూ ఆధారం అడిగే మనిషి, నా మాటకు అడగలేదు.

తర్వాత తరగతుల్లో, ఒక పెద్దాయన తన పొరపాటును బాధితురాలి ముందు నిలబడి ఒప్పుకున్నాడని, పేరు చెప్పకుండా కొత్తవాళ్లకు చెప్పేవారట. విని వచ్చిన కుర్రాళ్లే నాకు చెప్పారు. అంత గొప్పవాడెవరు బాబాయ్ అని నన్నే అడిగారు. తెరుబలి బస్సు మా వీధి చివరే ఆగుతుంది. గౌరి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. నేనింకా ఆ బస్సు ఎక్కలేదు.