చూడని వీధి

మొన్న ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేసే పిల్ల నా ముక్కులో దూదిపుల్ల లోపలికంటా పెట్టి తిప్పింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికే పట్టీ మీద రెండు గీతలు చూపించి, "ఫ్లూ జరం తాతా" అంది. "ఈ సంగతి సర్కారోళ్లకు చెప్తారామ్మా?" అన్నాను. "వాళ్లకెందుకు? జరం నీది గదా!" అని నవ్వింది. ఆ పిల్ల తప్పేముంది? అడిగేవాడు లేనప్పుడు ఎవరు చెబుతారు? ఇల్లు చేరేదాకా నా కోపం మాత్రం తగ్గలేదు. దారి పొడుగునా బాషా సారే గుర్తొచ్చాడు.

ఆయన జమ్మలమడుగు వైపు హెల్త్ సూపర్‌వైజరు, నేను ఆయన జీపు డ్రైవరును. ఫ్యాక్షన్ రోజులవి. మైలవరం దగ్గర ఒక ఊళ్లో పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకొకటి. కొత్తరకం ఫ్లూ వచ్చిందని మాకు ఈ పట్టీల పెట్టె ఇచ్చారు. వీధివీధినా దగ్గేవాళ్లను కొందరిని చూసి ఫ్లూ ఎక్కడుందో రాస్తే, అక్కడికి మందు పంపుతారు. అంగళ్లలో దొరికే మందు కాదది. మేం పోగానే పైవీధి నాయకుడి మనిషి జీపుకు అడ్డం నిలబడ్డాడు.

"పెట్టె ఈడ దించు సారూ. అన్నీ మావాళ్లకే చేయాల."

"మీలో దగ్గేవాళ్లే లేరు గదప్పా. దగ్గు కిందివీధిలో ఉండాది" అన్నాడు బాషా సార్.

"వాళ్లు దగ్గితే మాకేంది?"

"తుమ్మేవాడు నీది ఏ పార్టీ అని అడిగి తుమ్ముతాడా మామా?"

సార్ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. కత్తులు బయటికొచ్చాయి. ఎద్దుల్లాంటి మనుషులను వరసగా కూర్చోబెట్టి, పెట్టె ఖాళీ అయ్యేదాకా సార్ చేతనే పరీక్షలు చేయించారు. ఎవరికీ ఫ్లూ లేదు. కిందివీధిలో నిండు గర్భిణి లక్షుమ్మ గోడ పట్టుకుని దగ్గుతూనే ఉంది.

సార్ రిపోర్టులో కిందివీధికి "చూడలేదు" అని రాశాడు. పై ఆఫీసరు దాన్ని కొట్టేసి సున్నా పెట్టాడు. "చూడలేదంటే మనకే మాటొస్తుందయ్యా" అన్నాడు.

"సున్నా అంటే జరం లేదని సార్. నేను పోయి చూసింది యాడ?" అన్నాడు బాషా సార్.

మందు అడిగితే, సున్నా ఉన్నచోటికి ఇవ్వరన్నారు. లక్షుమ్మను నా జీపులోనే ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. ఆ సున్నా ఎవరు పెట్టారని నలుగురిలో అడిగినందుకు సార్‌ను ఎక్కడికో బదిలీ చేశారు. సున్నా పెట్టినవాడికి ప్రమోషను!

నేను బడికి పోయినవాణ్ణి కాను. అంగడి బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. లేనిదానికీ చూడనిదానికీ తేడా మాత్రం బాషా సార్ దగ్గరే నేర్చుకున్నాను. మొన్నామధ్య పులివెందులలో మీటింగు పెట్టి, ఒక ఆఫీసరు "మా పరిధిలో ఫ్లూ లేదు" అన్నాడు. లేచి నిలబడి, "చూసినారా సార్, చూడలేదా?" అన్నాను. రెక్క పట్టుకుని బయటికి నెట్టారు. మళ్లీ మీటింగు పెడితే మళ్లీ పోతాను.