సల్లగాలి ఏ బస్తీది?

మెట్టుగూడ నుంచి రాంగోపాల్‌పేట్ ఎంత దూరమని? ఆటోలో ఒక కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. అయినా ఆ కాస్త దూరమే మా మూడేళ్ళ పాపకు సముద్రాలు దాటినంత పనయింది. మా వారి దుకాణానికి దగ్గరగా ఉంటుందని పోయిన నెల ఇల్లు మారాం. అప్పట్నుంచి అది సరిగ్గా తినదు, మధ్యాహ్నం పడుకోదు, కొత్త గోడల వంక చూసి "ఇంటికెళ్దాం అమ్మా" అంటుంది. ఇదే మన ఇల్లంటే నా మొహంలోకి అనుమానంగా చూస్తుంది. పిల్లలు అలవాటు పడతారని అందరూ చెబుతారు గానీ, ఫోన్‌లో పిల్లల నిద్ర గురించి చదివి లేని జబ్బులన్నీ ఊహించుకునే నాలాంటిదానికి ఆ మాట చెవికెక్కుతుందా? "ముందు నీకు జోల పాడాలి, తర్వాత దానికి" అని మా వారి ఎగతాళి.

మా ఇంట్లో జోల అంటే ఒకటే పాట. కొత్త ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం పాపను ఒళ్ళో వేసుకుని అదే ఎత్తుకున్నాను.

ఎక్కడిదే ఎక్కడిదే ఈ సల్లగాలి?

రెండో పాదం మొదట్లో బస్తీ పేరు రావాలి. అక్కడ ఆగిపోయాను. పుట్టినప్పటి నుంచి పాప విన్నది "మెట్టుగూడ గల్లీదే ఈ సల్లగాలి" అని. ఇప్పుడు ఏమనాలి? రాంగోపాల్‌పేట్ అందామంటే వరసలో ఇమడదు, తాళం కాలు తట్టుకుని తూలి పడుతుంది. ఆ తటపటాయింపులోనే ఎన్నేళ్ళ కిందటి వినాయక మండపమో కళ్ళ ముందుకొచ్చింది.

నాన్నకు రైల్వేలో ఉద్యోగం వచ్చి శ్రీకాకుళం వైపు నుంచి మేము మెట్టుగూడలో దిగేసరికి నేను నాలుగో తరగతి. నోరు తెరిచి "ఏటి?" అన్నానంటే చాలు, గల్లీ పిల్లలందరూ "ఏటే, ఏటే" అంటూ వెంటపడేవాళ్ళు. "ఏందే పోరీ, గట్ల సాగదీస్తవ్? జెర మంచిగ మాట్లాడరాదే!" అని ఒకర్తె నా జడ లాగేది. నేను ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని, నాన్న ఏడవలేదు గానీ కిరాణా కొట్లో పప్పులూ ఉప్పులూ వేలు పెట్టి చూపించి కొనుక్కునేవారు. ఆ వేలి వెనక ఏముందో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆ ఏడు చవితికి మా గల్లీ మండపంలో పాడటానికి ఒకావిడ వచ్చింది. సన్నగా, నూలు చీరలో, చేతిలో కంజీర. పాటలు తనే కట్టేది, తనే పాడేది. అందరూ పాటలక్క అనేవారు. నాలుగైదు పాటలయ్యాక కంజీర ఆపి, ముందు వరసలో నించున్న మనిషి వైపు వంగి, "అన్నా, ఇది ఏ బస్తీ?" అని మైకులోనే అడిగింది. ఆ మనిషి మా నాన్న. నేను అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. నాన్న తన యాసలోనే, చివర బాగా సాగదీసి, "మెట్టుగూడండీ" అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమంటారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కంజీర మోగింది, నాన్న నోట్లోంచి వచ్చిన పేరు పాటలోకెక్కింది, గల్లీ అంతా వంత పాడింది. మర్నాడు నా జడ లాగిన పిల్లే వచ్చి, "మీ నాయిన పేరు జెప్తెనే పాట షురూ అయింది కదనే" అని నన్ను ఆటలోకి పిలిచింది.

ఇంక అక్కణ్ణుంచి మా ఇంటిల్లిపాదీ పాటలక్క భక్తులమే. ఆమె క్యాసెట్లు ఒక్కొక్కటే తెచ్చుకున్నాం, ఎక్కడ పాడుతోందంటే అక్కడికి వెళ్ళడానికి చూసేవాళ్ళం. చిత్రమేమిటంటే, ఆ పాట మాత్రం ఏ క్యాసెట్‌లోనూ లేదు. మా బస్తీ కోసం కట్టిన పాట కాబట్టి బయట అమ్మరని నేనే తీర్మానించేసుకున్నాను.

ఆ గర్వం డిగ్రీ దాకా నిలిచింది. ఒకరోజు క్యాంటీన్‌లో, సిద్దిపేట నుంచి వచ్చి మా కాలేజీలో చేరిన స్నేహితురాలు అదే వరస తీసి, ఎంచక్కా "సిద్దిపేట గల్లీదే" అని పాడింది. నాకు ఒళ్ళు మండింది. పాట పాడు చేశావంటే, "నువ్వే ఎత్కపోయినవ్ మా పాట!" అని అది ఎదురు తిరిగింది. టిఫిన్ డబ్బాలు విడివిడిగా తెరిచేదాకా వెళ్ళింది వ్యవహారం. చివరికి బన్సీలాల్‌పేట్‌లో ఏదో పెళ్ళికి పాటలక్క వచ్చిందని తెలిసి, పిలవని పెళ్ళికి ఇద్దరం వెళ్ళి, అన్నాల దగ్గర ఆమెను పట్టుకుని తీర్పు చెప్పమన్నాం.

ఆమె పప్పు కలుపుతూ పకపకా నవ్వింది. "ఏందిర బిడ్డా, గాలికి సుత పట్టా చేపిస్తరా? యాడ పాడితె ఆడిదే ఆ పాట. క్యాసెట్ల ఒక్క పేరు పెడితె కడమ ఊర్లు ఏం గావాలె?" అంది. స్నేహితురాలు తేలిగ్గా నవ్వేసింది. నాకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టయింది. మా ఒక్కరి కోసమే కాదన్నమాట! ఇంటికొచ్చి నాన్నతో చెబితే, "మంచిదే కదే. ప్రతి ఊళ్ళోనూ ఎవడో ఒకణ్ణి అడుగుతుందన్నమాట" అని హాయిగా పేపరు తిరగేశారు.

కొత్త ఇంట్లో ఆ మధ్యాహ్నం ఒళ్ళో పాపతో ఆగిపోయినప్పుడు నాన్న అన్న ఆ మాటకు అర్థం తట్టింది. పేరు చెప్పవలసింది పాడేవాళ్ళు కాదు, అక్కడుండేవాళ్ళు. నేను వంగి, పాటలక్కలాగే అడిగాను, "పాపా, ఇది ఏ బస్తీ?" పాప పెదవి బిగించి "మెట్టుగూడ" అంది. సరే, మెట్టుగూడే పాడాను. మర్నాడూ అడిగాను, మెట్టుగూడే. ఆ తర్వాతా అంతే. దిద్దాలని నోటిదాకా వచ్చేది, ఆపుకునేదాన్ని. గాలి మాత్రం ఈ ఇంటి కిటికీలోంచే వీచేది.

ఇవాళ మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే గదిలోంచి సన్నగా పాట వినిపించింది. తొంగి చూశాను. పాప తన గుడ్డబొమ్మను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఊపడం ఆపి, వంగి, "ఇది ఏ బస్తీ?" అని అడిగింది. బొమ్మ ఏం చెబుతుంది పాపం? తనే దాని బదులు "గోపాల్‌పేట" అంది. నోరు తిరగక ముందున్న "రాం" వదిలేసింది. ఎన్నాళ్ళుగా నేను ఇమడ్చలేని పేరు వరసలో ఎంత చక్కగా కూర్చుందో! నేను మళ్ళీ వెళ్ళి చూసేసరికి బొమ్మా, అదీ ఇద్దరూ నిద్రపోయారు.

ఇప్పుడు మా వారూ పాపా పడుకున్నాక ఇది రాస్తున్నాను. పాటలక్క ఇప్పుడు పాడటం లేదట, పెద్దదైపోయింది. ఆ పాటను ఎవరో ఎప్పుడో రికార్డు చేసి ఫోన్‌లలో పెట్టారు. అందులో ఏదో ఊరి పేరుంది, ఎన్నిసార్లు విన్నా ఆ ఒక్క పేరే. చవితి మండపాల్లో పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు మోగుతాయి, గోడలు అదురుతాయి, కానీ పాట ఆపి ముందు వరసలోకి వంగి, కొత్తగా వచ్చిన మనిషిని ఇది ఏ బస్తీ అన్నా అని అడిగేవాళ్ళు లేరు. పోనీలే, మా ఇంట్లో ఒకర్తె అడుగుతోంది. రేపు పొద్దున్నే నాన్నకు ఫోన్ చేసి చెప్పాలి.